గుర్రానికి మందు ఎవరిచ్చినా ట్రైనర్‌నే ఎందుకు పట్టుకుంటారు?

ఈరోజు ఎపిసోడ్ గుర్రాల గురించి. "అన్నా, మన తిరుపతిలో గుర్రం అంటే బ్రహ్మోత్సవాల్లో అశ్వవాహనం, లేదంటే అల్లు అర్జున్ సినిమా. అంతకు మించి మనకేం సంబంధం?" అని మీరు అడగొచ్చు. ఒకసారి ఫోన్‌లో మ్యాప్ తీయండి. పుత్తూరు, నగరి మీదుగా దిగితే చెన్నైలో గిండీ. పలమనేరు దాటి కోలారు మీదుగా పోతే బెంగళూరు. పైకి పోతే హైదరాబాద్‌లో మలక్‌పేట. నిజాం కాలంలో మౌలాలిలో జరిగే రేసుల్ని 1886లో మలక్‌పేటకి మార్చారు, అంత పాతది అది. సౌత్ ఇండియాలో రేసులకు పేరున్న ఈ మూడు ఊర్ల మధ్యలోనే మన చిత్తూరు, తిరుపతి జిల్లాలు ఉండాయి.

ముందే ఒక మాట. ఇది పందెం ఎలా కాయాలో చెప్పే వీడియో కాదు. టిప్స్ కోసం వచ్చినోళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు, నాకేం బాధ లేదు. నేను చెప్పబోయేది ఒక్క ప్రశ్న గురించి. ఒక జంతువు ఒంట్లో ఇవ్వకూడని మందు దొరికితే, దానికి జవాబు ఎవరు చెప్పాలి? గుర్రప్పందేల వాళ్ళు ఈ ప్రశ్న మీద చాలా ఏళ్ళుగా కొట్టుకుంటా ఉన్నారు. వాళ్ళ జవాబు తెలుసుకుంటే మన ఊర్లలో జరిగే ఎద్దుల పోటీలు వేరేగా కనిపిస్తాయి. మా ఇంట్లో జరిగింది ఒకటి ఉంది, అది కూడా చెప్తా. కానీ ముందు అమెరికా పోయి వద్దాం.

2021 మే 1. కెంటకీ డెర్బీ. అమెరికాలో అన్నింటికన్నా పెద్ద గుర్రప్పందెం అది. మెడీనా స్పిరిట్ అనే గుర్రం గెలిచింది. ట్రైనర్ పేరు బాబ్ బాఫర్ట్, ఆ ఫీల్డ్‌లో సూపర్ స్టార్ లెక్క. వారం తిరగ్గానే న్యూస్ వచ్చింది, గెలిచిన గుర్రం రక్తంలో బీటామెథసోన్ దొరికిందని. పేరు చూసి భయపడొద్దు, అదొక స్టెరాయిడ్. వాపు, నొప్పి తగ్గిస్తుంది. కీళ్ళలో ఇంజెక్షన్‌గా ఇస్తారు, చర్మం మీద రాసే ఆయింట్‌మెంట్లలో కూడా ఉంటుంది. ఎంత దొరికింది? ఒక మిల్లీలీటరు రక్తంలో 21 పికోగ్రాములు. పికోగ్రాము అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతు. నేను తప్పు చెప్పట్లేదు, లక్ష కోట్లే.

బాఫర్ట్ మొదట ఆ మందు తన గుర్రానికి ఇవ్వనే లేదన్నాడు. రెండు రోజుల తర్వాత, గుర్రానికి చర్మం మీద దద్దులు వస్తే పశువైద్యుడు చెప్పిన ఆయింట్‌మెంట్ రాశామని, దాంట్లో ఈ మందు ఉందని చెప్పాడు. అంటే గెలిపించడానికి కాదు, దురద తగ్గడానికి అని వాళ్ళ వాదన. వాదన బలంగానే ఉంది కదా? అయినా 2022 ఫిబ్రవరిలో కెంటకీ స్టివార్డులు, అంటే రేసు న్యాయమూర్తుల్లాంటి వాళ్ళు, గుర్రం గెలుపుని రద్దు చేశారు. రెండో స్థానంలో వచ్చిన మాండలూన్‌ని విజేతగా ప్రకటించారు. బాఫర్ట్‌కి 90 రోజుల సస్పెన్షన్, 7,500 డాలర్ల ఫైన్. రేసు కోర్సు యాజమాన్యం వేరేగా ఇంకో నిషేధం వేసి, తమ గేటు లోపలికి రానివ్వలేదు.

ఈ తీర్పు వచ్చేసరికి గుర్రం లేదు. 2021 డిసెంబరులో ప్రాక్టీసులో పరిగెత్తి, అక్కడే కుప్పకూలి చనిపోయింది. దానికీ ఈ మందుకీ లింకు ఉందని ఎవరూ తేల్చలేదు, కాబట్టి నేను కూడా లింకు పెట్టను. యూట్యూబ్‌లో పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, జాగ్రత్తగా చూడండి.

ఇప్పుడు మీకు డౌట్ రావాలి. దురదకి పూసిన మందుకి, అందులో ఇంత చిన్న మోతాదుకి, ఇంత పెద్ద శిక్షా? ఈ డౌట్ తీరాలంటే, అసలు మందులంటే ఎందుకంత భయమో తెలియాలి.

డోపింగ్ అనగానే మనకి "స్పీడ్ పెంచే మందు" అని గుర్తొస్తుంది. అలాంటివి ఉన్నాయి. ఉత్సాహం పెంచేవి, కండ పెంచే స్టెరాయిడ్లు, రక్తంలో ఎర్ర కణాలు పెంచే ఇంజెక్షన్లు. వంటసోడా నీళ్ళు ట్యూబుతో కడుపులోకి పోసి, అలసట ఆలస్యంగా వచ్చేట్టు చేసే పాత టెక్నిక్ ఒకటుంది, దానికి "మిల్క్‌షేక్" అని ముద్దుపేరు. స్పీడ్ తగ్గించే మందులు కూడా ఉన్నాయి, ఫేవరెట్ గుర్రాన్ని ఓడించడానికి. కానీ వీటన్నిటికన్నా మామూలుగా కనిపించేది, నా లెక్క ప్రకారం ప్రమాదకరమైనది ఇంకోటి ఉంది. నొప్పి తెలియకుండా చేసే మందు.

రేసు గుర్రం బరువు సుమారు 450 నుంచి 500 కిలోలు. పరిగెత్తే స్పీడు గంటకి 60 కిలోమీటర్లు. ఆ బరువంతా, ఆ స్పీడులో, ఒక్కో అడుగుకి ఒక్కో కాలు మీద పడుతుంది. మోకాలి కింద ఆ కాలు చూడండి, కండ ఉండదు, ఎముక, నరాల్లాంటి స్నాయువులు, అంతే. మన మణికట్టుకన్నా పెద్ద లావేమీ ఉండదు. అక్కడ సన్నని పగులు వచ్చిందనుకోండి. గుర్రానికి నొప్పి వస్తుంది, కుంటుతుంది, పరిగెత్తను అంటుంది. ఆ నొప్పే దాని ప్రాణం కాపాడే అలారం. మందు ఇస్తే పగులు పోదు, అలారం మాత్రం ఆగిపోతుంది. గుర్రం ఫుల్ స్పీడులో పరిగెడుతుంది, పగులు విరుగుతుంది. విరిగిన కాలుతో గుర్రం బతకడం చాలా కష్టం. మనిషిలాగా మూడు నెలలు మంచం మీద పడుకోబెట్టలేం, అది నిలబడే జంతువు. చాలాసార్లు అక్కడే ఇంజెక్షన్ ఇచ్చి చంపేస్తారు. పైన కూర్చున్న జాకీ పరిస్థితి ఏంటో, వెనకాల వచ్చే పది గుర్రాల మీద ఉన్న జాకీల పరిస్థితి ఏంటో మీరే ఊహించుకోండి.

అందుకే మంచి మందే అయినా, డాక్టర్ రాసిందే అయినా, రేసు రోజు ఒంట్లో ఉండకూడదు అని రూలు. మన ఇళ్ళల్లో పాడి ఉన్నవాళ్ళకి ఇది ఈజీగా అర్థమవుతుంది. ఆవుకి పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ వేస్తాం. వేసిన తర్వాత ఇన్ని రోజులు పాలు సెంటర్‌కి పోయొద్దు అని డాక్టర్ చెప్తాడు. మందు తప్పు కాదు, ఆ రోజుల్లో పాలు పోయడం తప్పు. గుర్రాలకీ సేమ్ లెక్క. ఏ మందు ఎన్ని రోజులకి ఒంట్లోంచి పోతుందో చూసుకుని, అప్పటిదాకా రేసుకి దింపకూడదు.

టెస్ట్ ఎలా చేస్తారో చెప్తా, ఇంట్రెస్టింగ్‌గా ఉంటుంది. రేసు అవ్వగానే గెలిచిన గుర్రాన్ని, ఇంకా అధికారులు చెప్పిన గుర్రాల్ని వేరే షెడ్డుకి తీసుకుపోతారు. రక్తం మెడ దగ్గర తీస్తారు. మూత్రం కోసం మాత్రం వెయిట్ చేయాల్సిందే. గుర్రాన్ని గడ్డి పరిచిన గదిలో నిలబెట్టి, పక్కన మనిషి నెమ్మదిగా విజిల్ వేస్తాడు. చిన్నప్పుడు మన అమ్మలు "ఉస్స్..." అనేవాళ్ళు గదా, అదే. విజిల్ విని మూత్రం పోసేలా గుర్రాలకి ముందే అలవాటు చేసి ఉంటారు. వచ్చిన శాంపిల్‌ని ట్రైనర్ తరఫు మనిషి కళ్ళ ముందే రెండు భాగాలు చేసి, సీలు వేసి, సంతకం తీసుకుంటారు. ఒకటి ఏ శాంపిల్, ఇంకోటి బి శాంపిల్. ఏ లో మందు దొరికితే, ట్రైనర్ కావాలంటే బి ని కూడా టెస్ట్ చేయమని అడగొచ్చు. మన దేశంలో గుర్రాల శాంపిల్స్ కూడా టెస్ట్ చేసే ల్యాబ్ ఢిల్లీలో ఉంది, నేషనల్ డోప్ టెస్టింగ్ ల్యాబొరేటరీ. అథ్లెట్ల శాంపిల్స్ పోయేది కూడా అక్కడికే.

సరే, ఇప్పుడు అసలు పాయింట్. టెస్ట్ మందు ఉందని చెప్తుంది, ఎవరిచ్చారో చెప్పదు. ఒక గుర్రం చుట్టూ ఎంతమంది ఉంటారో లెక్కపెట్టండి. డబ్బు పెట్టిన ఓనర్. పొద్దున నాలుగింటికి లేచి మేత పెట్టి, ఒళ్ళు తోమే సైసు. ప్రాక్టీసులో ఎక్కే రైడర్. పశువైద్యుడు. నాడాలు కొట్టేవాడు. మేత సప్లై చేసే కంపెనీ. రేసు రోజు జాకీ. వీళ్ళలో ఎవరైనా ఇవ్వొచ్చు. తెలిసి ఇవ్వొచ్చు, తెలియక ఇవ్వొచ్చు. రేసు క్లబ్బు ఒక్కొక్కరిని పట్టుకుని "నువ్వే ఇచ్చావు" అని నిరూపించాలంటే అయ్యే పనేనా? ప్రతి ఒక్కరూ పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. కేసు అక్కడే అటకెక్కుతుంది.

అందుకని రూలు ప్రశ్నని మార్చేసింది. మందు ఎవరిచ్చారు అని అడగదు. గుర్రం ఎవరి చేతిలో ఉంది అని అడుగుతుంది. గుర్రం ట్రైనర్ చేతిలో ఉంటుంది. లైసెన్సు ఆయన పేరు మీద ఉంటుంది. లాయం ఆయనది, సైసుని పనిలో పెట్టుకుంది ఆయన, డాక్టర్‌ని పిలిచింది ఆయన, మేత కొన్నది ఆయన. కాబట్టి మందు దొరికితే మొదటి జవాబు ఆయనే చెప్పాలి. మన దేశంలో టర్ఫ్ క్లబ్బుల నిబంధనలు కూడా ఇదే దారిలో ఉంటాయి.

మనుషుల ఆటల్లో దీనికి కొంచెం తేడా ఉంది. అథ్లెట్ ఒంట్లో మందు దొరికితే అథ్లెట్‌దే బాధ్యత. "కోచ్ ఇచ్చిన పౌడర్ తాగాను, దాంట్లో ఏముందో నాకు తెలీదు" అంటే సరిపోదు. నీ ఒంట్లోకి ఏం పోతుందో చూసుకోవాల్సింది నువ్వే అంటారు. జిమ్‌లో ఎవరో చెప్పారని డబ్బాలు డబ్బాలు ప్రోటీన్ మింగే తమ్ముళ్ళు ఇది ఒకసారి ఆలోచించండి. కానీ గుర్రాన్ని అలా అడగలేం. అది డబ్బా మీద లేబుల్ చదవలేదు, వద్దు అని చెప్పలేదు. దాని తరఫున చూసుకోవాల్సిన మనిషి ఒకడు కావాలి, ఆ మనిషి పేరు ముందే రాసిపెట్టి ఉండాలి. అథ్లెట్ స్థానంలో ట్రైనర్‌ని నిలబెట్టింది అందుకే.

ఇది అన్యాయం అనే వాదన కూడా ఉంది, దాన్ని తీసిపారేయలేం. మంచి ఉదాహరణ ఇంగ్లండ్‌లో దొరుకుతుంది. 2014 జూన్‌లో రాయల్ అస్కాట్‌లో గోల్డ్ కప్ రేసు. ఎస్టిమేట్ అనే ఆడ గుర్రం రెండో స్థానంలో వచ్చింది. దాని ఓనర్ ఎవరో తెలుసా? బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్. టెస్టులో మార్ఫిన్ దొరికింది! రాణిగారి గుర్రంలో మార్ఫిన్ అంటే పేపర్లు ఊరుకుంటాయా? ఎంక్వైరీ చేస్తే తేలింది ఏంటంటే, కంపెనీ నుంచి వచ్చిన దాణాలో గసగసాల మొక్క తాలూకు పదార్థం కలిసింది. మనం మసాలాలో వేసే గసగసాలే, ఆ మొక్క నుంచే మార్ఫిన్ వస్తుంది. వేరే ట్రైనర్ల గుర్రాల్లో కూడా అదే దొరికింది.

మరి ఏం చేశారు? ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ఎందుకంటే చాలామంది రెండు విషయాల్ని కలిపేస్తారు. గుర్రం రెండో స్థానం తీసేశారు. ప్రైజ్ మనీ పోయింది, రాణి అయినా సరే. కానీ ట్రైనర్ సర్ మైఖేల్ స్టౌట్‌కి శిక్ష వేయలేదు. మందు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసింది, ఆయన తీసుకోవాల్సిన జాగ్రత్తలు తీసుకున్నాడు అని ఒప్పుకున్నారు. అంటే రెండు వేరువేరు ప్రశ్నలు ఉన్నాయి. రేసు ఫలితం నిలబడుతుందా? నిలబడదు, ఎందుకంటే మందు ఎలా పోయినా మిగతా గుర్రాలకి అది లేదు. మనిషికి శిక్ష పడాలా? అది ఆయన ఎంత జాగ్రత్తగా ఉన్నాడో చూసి చెప్తారు. నిరూపించుకోవాల్సింది మాత్రం ట్రైనరే. దాణా బిల్లు, మందుల రిజిస్టరు, ఏ గుర్రానికి ఏ రోజు ఏ ఇంజెక్షన్, ఎవరు వేశారు. ఇవన్నీ రాసి పెట్టుకున్నవాడు బయటపడతాడు. రాయనివాడు నిజం చెప్పినా ఇరుక్కుంటాడు.

ఈ రూలు లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి నిజమైన దొంగల కథలు ఉన్నాయి. 2013లో ఇంగ్లండ్‌లోనే, దుబాయ్ రాజు షేక్ మహమ్మద్ గారి గోడాల్ఫిన్ లాయంలో 11 గుర్రాల్లో కండ పెంచే స్టెరాయిడ్లు దొరికాయి. ట్రైనర్ మహమూద్ అల్ జరూనీ ఒప్పుకున్నాడు, ఎనిమిదేళ్ళు నిషేధం. 2020 మార్చిలో అమెరికాలో ఏకంగా ఎఫ్‌బీఐ దిగింది. రెండు డజన్లకు పైగా మంది మీద కేసులు, ట్రైనర్లు, డాక్టర్లు, మందులు తయారుచేసేవాళ్ళు. జార్జ్ నవారో అనే ట్రైనర్‌కి ఐదేళ్ళు జైలు పడింది, జేసన్ సర్విస్ అనే ఇంకో ట్రైనర్‌కి నాలుగేళ్ళు. వీళ్ళ మందులు టెస్టులో పడకుండా ఉండేట్టు తయారుచేసినవి. ఫోన్ ట్యాపింగ్‌తో దొరికారు కానీ మూత్రం శాంపిల్‌తో కాదు. నవారో దగ్గరున్న ఎక్స్‌వై జెట్ అనే గుర్రం 2019లో దుబాయ్‌లో పెద్ద రేసు గెలిచి, 2020 జనవరిలో చనిపోయింది.

మన పక్కకి వద్దాం. 2017 మార్చిలో బెంగళూరులో క్వీన్ లతీఫా అనే ఆడ గుర్రం రేసు గెలిచింది. శాంపిల్‌లో ప్రొకెయిన్ దొరికింది. వ్యవహారం క్లబ్బు దాటి పోలీసుల దాకా, సీఐడీ దాకా పోయింది. ఆ కేసులో ఎవరు తప్పు, ఎవరు ఒప్పు అని నేను తీర్పు చెప్పను. నాకు కావాల్సింది ఆ మందు పేరు. ప్రొకెయిన్ అంటే మొద్దుబారేలా చేసే మందు. పన్ను పీకేముందు డాక్టర్ చిగురుకి ఇచ్చే ఇంజెక్షన్ జాతిదే. కాలి నరం దగ్గర ఇస్తే గుర్రానికి ఆ కాలి నొప్పి తెలీదు. కానీ అదే ప్రొకెయిన్ పెన్సిలిన్‌తో కలిపి కూడా వస్తుంది, పశువులకి ఇన్‌ఫెక్షన్ వస్తే వేసేది. చూడండి, ల్యాబ్ రిపోర్టులో ఒకటే పేరు, దాని వెనకాల రెండు కథలు ఉండొచ్చు. జనరల్‌గా చెప్తున్నా, ఇలాంటి మందు దొరికినప్పుడు ఏ కథ నిజమో చెప్పేది లాయంలోని మందుల రిజిస్టరు ఒక్కటే.

మన లా లో కూడా దీనికి ఒక కనెక్షన్ ఉంది, ఎక్కువమంది గమనించనిది. పేకాట ఆడితే పోలీసులు పట్టుకుంటారు, రేసు కోర్సులో పందెం కాస్తే ఎందుకు పట్టుకోరు? 1996 జనవరిలో మద్రాసు రేస్ క్లబ్బు గొడవకి సంబంధించిన కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, గుర్రప్పందెం అదృష్టం మీద కాదు, నైపుణ్యం మీద ఆధారపడింది అని. గుర్రం జాతి, దానికిచ్చిన ట్రైనింగ్, జాకీ పనితనం, ఇవి కలిసి ఫలితాన్ని తేలుస్తాయి అని. అంటే రేసులు చట్టం ముందు నిలబడింది ట్రైనర్ పనితనం మీద! మరి ఫలితాన్ని తేల్చేది ట్రైనింగ్ కాకుండా సిరంజి అయితే, ఆ తీర్పు కింద ఉన్న నేల ఏమవుతుంది? ఇది నా ప్రశ్న, కోర్టుది కాదు. (మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లో గేమింగ్ చట్టం మార్చి ఆన్‌లైన్ పందేలని నిషేధించారు. యాప్ లింకులు పంపేవాళ్ళు ఈ మాట చెప్పరు.)

ఇప్పుడు మన ఇంటి సంగతి.

మా పెదనాయనకి ఎద్దుల పిచ్చి. ఒంగోలు జాతి జత ఉండేది. పండగలకి, తిరుణాళ్ళకి బండలాగుడు పోటీలకి తీసుకుపోయేవాడు. చూడనివాళ్ళ కోసం చెప్తా. పెద్ద బండరాయిని జతకి కట్టి, ఇచ్చిన టైములో ఎన్ని అడుగుల దూరం లాగాయో కొలుస్తారు. పాంప్లెట్ మీద "వృషభరాజముల బండలాగుడు పోటీలు" అని గ్రాండ్‌గా వేస్తారు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం అని విడగొడతారు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, పోటీకి రెండు రోజుల ముందు కుడి ఎద్దు ముందు కాలు కుంటడం మొదలైంది. ఎంట్రీ కట్టేశాం, లారీ మాట్లాడేశాం, చుట్టాలంతా వస్తా ఉన్నారు. ఒకాయన ఇంజెక్షన్ తెచ్చాడు. ఆయన డాక్టర్ కాదు, పశువుల మందులు తెలిసినాయన అంతే. "నొప్పి తెలీదులే, లాగేస్తాది" అన్నాడు. ముకుతాడు నేను పట్టుకున్నా. ఎద్దు కదల్లేదు, నన్ను చూస్తా నిలబడింది. సూది దిగింది. మరుసటి రోజు అది నిజంగానే కుంటకుండా నడిచింది. మూడో బహుమతి వచ్చింది. ఫోటోలు దిగాం. ఇంటికొచ్చిన తెల్లారి దానికి ఆ కాలు కింద పెట్టడం చేతకాలేదు. ఆ తర్వాత అది ఇంకెప్పుడూ బండ లాగలేదు. కొన్నాళ్ళకి అమ్మేశారు, ఎక్కడికి అమ్మారో నేను అడగలేదు.

అప్పుడు ఇంట్లో జరిగిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇంజెక్షన్ వేసినాయన "మీరు అడిగితే వేశా" అన్నాడు. పెదనాయన "నువ్వు ఏం కాదంటేనే గదా" అన్నాడు. పోటీ పెట్టినవాళ్ళు "మేం పళ్ళు చూస్తాం, కాళ్ళు మీరు చూసుకోవాలి" అన్నారు. నేను మనసులో "నేను తాడు మాత్రమే పట్టుకున్నా" అనుకున్నా. ఇందాక గుర్రం చుట్టూ మనుషుల్ని లెక్కపెట్టాం గదా, సేమ్ టు సేమ్. తేడా ఒక్కటే, ఇక్కడ ముందే పేరు రాసిపెట్టిన మనిషి ఎవరూ లేరు. నేను చూసిన ఏ పాంప్లెట్ మీదా శాంపిల్ అనే మాట లేదు.

చట్టం లేదా అంటే, ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. దాంట్లో 11వ సెక్షన్, (1)(సి) చదవండి. కావాలని, సరైన కారణం లేకుండా జంతువుకి హాని చేసే మందు ఇవ్వడం నేరం. అదే సెక్షన్‌లో రెండో క్లాజు ఇంకా ముఖ్యం. ఇలాంటిది జరగకుండా ఓనర్ తగినంత జాగ్రత్త, పర్యవేక్షణ చూపించకపోతే ఓనర్ కూడా నేరం చేసినట్టే లెక్క. అంటే "నేను ఇవ్వలేదు, వాడెవడో ఇచ్చాడు" అని ఓనర్ తప్పించుకోవడానికి లేదు. కెంటకీ దాకా పోయి వెతికిన రూలు, దాదాపు అదే ఆలోచన, 60 ఏళ్ళకి పైగా మన చట్టంలోనే ఉంది.

మరి శిక్ష? మొదటిసారి అయితే పది రూపాయల నుంచి యాభై రూపాయల దాకా ఫైన్. జీరోలు మర్చిపోలేదు నేను. యాభై రూపాయలు. లీలామహల్ సర్కిల్‌లో ఇద్దరు టిఫిన్ తింటే అంతకన్నా ఎక్కువే అవుతుంది. మూడేళ్ళ లోపల మళ్ళీ దొరికితే వంద రూపాయల దాకా ఫైన్, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ.

జల్లికట్టు మీద 2014 మే 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఎద్దులకి మద్యం తాగించడం, కళ్ళలో కారం కొట్టడం లాంటివన్నీ రికార్డు అయి ఉన్నాయి. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర సొంత చట్టాలు చేసుకున్నాయి, 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం వాటిని సమర్థించింది. మన చంద్రగిరి పక్కన రంగంపేటలో కనుమ ముందూ వెనకా జరిగే పశువుల పండగ మీ అందరికీ తెలుసు. ఎద్దుల కొమ్ములకి బొమ్మల పలకలు కట్టి వదిలితే, కుర్రోళ్ళు వాటిని లాక్కోవడానికి ఎగబడతారు. అది ఉండాలా వద్దా అనే చర్చ పెడితే ఈ వీడియో కింద యుద్ధం జరుగుతుంది, నాకు తెలుసు. నేను అడిగేది దానికన్నా చిన్న ప్రశ్న. పోటీ ఏదైనా సరే, దిగే ప్రతి ఎద్దుకీ ఒక కాగితం, దాని మీద జవాబు చెప్పే ఒక మనిషి పేరు, గత పదిహేను రోజుల్లో వేసిన మందులు, పశువైద్యుడి సంతకం. దిగేముందు ఒక డాక్టర్ దాన్ని నాలుగు అడుగులు నడిపించి చూడటం. ల్యాబులు, పికోగ్రాములు తర్వాత సంగతి. తిరుపతిలో 1955 నుంచి వెటర్నరీ కాలేజీ ఉంది, ఇప్పుడు యూనివర్సిటీ. డాక్టర్లకి కరువు లేదు మన ఊర్లో.

దీనికి ఎదురు మాట కూడా వస్తుంది, వచ్చింది కూడా. "రేసు గుర్రాల ట్రైనర్‌కి లక్షలు వస్తాయి, లైసెన్సు ఉంటుంది. అప్పు చేసి ఎద్దుల్ని మేపే రైతు మీద ఇవన్నీ రుద్దుతారా?" అని మా ఫ్రెండ్ ఒకడు గట్టిగా అడిగాడు. వాడి మాటలో నిజం ఉంది. అందుకే కాగితం ఖర్చు, డాక్టర్ ఖర్చు పోటీ పెట్టేవాళ్ళే పెట్టుకోవాలి అంటాను నేను. ట్రాక్టర్లు, బుల్లెట్ బండ్లు బహుమతిగా ఇచ్చే చోట ఒక డాక్టర్‌ని కూర్చోబెట్టడం భారం కాదు. కానీ పేరు మాత్రం ఓనర్‌దే ఉండాలి. ఎద్దు రోజంతా ఉండేది ఆయన దగ్గరే.

పోయిన నెలలో ఊరికి పోయినప్పుడు పెదనాయనతో కూర్చుని ఈ వీడియో చేస్తున్నా అని చెప్పా. నీ పేరు చెప్పనులే అన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "సూది వేసింది వాడే. కానీ వాణ్ణి ఇంటికి పిలిచింది నేనే గదరా" అన్నాడు. మళ్ళీ పాలు పిండటానికి లేచి పోయాడు.

సరే, ఈ ఎపిసోడ్ ఇక్కడికి ఆపుతా. మీ ఊర్లో పోటీలకి ముందు పశువైద్యుడు చూసే పద్ధతి ఏమన్నా ఉంటే నాకు రాసి పంపండి, ఏ ఊరో కూడా రాయండి. వచ్చే వారం పాలలో యాంటీబయాటిక్ మిగిలితే డెయిరీలో ఎలా కనిపెడతారో చూద్దాం. ఉంటా.